పట్టు విడుపుల లెక్క

ఐసు ఫ్యాక్టరీ పక్కనుంచి నడిచి వెళ్లినవాళ్లకు అమ్మోనియా ఘాటు ఒకసారైనా తగిలే ఉంటుంది. ముక్కు మండుతుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. గుంటూరు మిరపకాయలు దాచే కోల్డ్ స్టోరేజీల్లోనూ, కోస్తా ఊళ్లలో రొయ్యలను గడ్డకట్టించే ప్లాంట్లలోనూ చల్లదనం పుట్టించేది ఎక్కువగా ఈ అమ్మోనియాయే. గొట్టాల్లో తిరుగుతున్నంతసేపూ దానంత మంచి పనివాడు లేడు. గొట్టం చిల్లుపడి బయటికి వచ్చిందంటే ప్రాణాల మీదికి తెస్తుంది. రోజంతా పనిచేసే చోట అమ్మోనియా 25 పీపీఎం దాటకూడదని, 300 పీపీఎం దగ్గర ప్రాణాపాయం ఉందని అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ చెబుతుంది. పీపీఎం అంటే పదిలక్షల పాళ్ల గాలిలో ఒక పాలు.

మన ముక్కు అమ్మోనియాను బాగానే పసిగడుతుంది. కానీ ఎంత ఉందో అంకెల్లో చెప్పలేదు. పైగా అక్కడే గంటసేపు ఉంటే అలవాటుపడి ఊరుకుంటుంది. రాత్రంతా మెలకువగా ఉండి, అలవాటుపడకుండా, అంకె చెప్పగలిగిన ముక్కు కావాలి. అలాంటి ముక్కును ప్లాస్టిక్ జాతి పదార్థంతో చేయవచ్చు. దాన్ని చేయడానికి ముందు అది ఎలా పనిచేస్తుందో కంప్యూటర్‌లో లెక్క వేసి చూడవచ్చు. ఆ లెక్కే ఈ అధ్యాయం.

ఆకుపచ్చ పొర

కాలేజీ ప్రయోగశాలలో చేయగలిగిన ప్రయోగం ఒకటుంది. పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కొద్దిగా అనిలీన్ కలిపి, బీకరును మంచుముక్కల మధ్య ఉంచి, అందులో అమ్మోనియం పర్‌సల్ఫేట్ ద్రావణం పోస్తారు. మొదట ఏమీ జరుగుతున్నట్టు ఉండదు. కొంతసేపటికి నీలి ఛాయ మొదలవుతుంది. అది చిక్కబడుతూ చివరికి ముదురాకుపచ్చగా మారిపోతుంది. అందులో ముందే వేలాడదీసిన గాజు పలకను తీసి కడిగితే, దానిమీద ఆకుపచ్చని పొర పట్టి ఉంటుంది. వెలుతురుకు ఎదురుగా పెడితే అవతలి వస్తువులు కనిపించేంత పలుచని పొర. దీని పేరు పాలీఅనిలీన్. అనిలీన్ విషపదార్థం కాబట్టి ఈ పని గురువుల ఎదుట, ఫ్యూమ్ హుడ్ కిందే జరగాలి.

ఇప్పుడు అమ్మోనియా సీసా మూత తీసి, ఆ పలకను మూతి దగ్గర పట్టుకోండి. ఆకుపచ్చ కళ్ల ముందే నీలంగా తిరుగుతుంది. పొర రెండు చివర్లా మల్టీమీటరు తగిలించి ఉంటే నిరోధం అంకె గబగబా పైకి పాకుతుంది. సీసా తీసేస్తే పొర మెల్లగా ఆకుపచ్చ వైపు మళ్లుతుంది, కానీ పూర్తిగా మళ్లదు. ఆమ్లపు ఆవిరి చూపిస్తేనే మొదటి రంగు తిరిగి వస్తుంది.

లోపల జరిగిందేమిటంటే, ఆకుపచ్చ రూపంలో ఉన్న పాలీఅనిలీన్ గొలుసు ఆమ్లం నుంచి ప్రోటాన్లను తీసుకుని పెట్టుకుంది. ఆ ప్రోటాన్ల వల్లే గొలుసు పొడవునా విద్యుదావేశం కదలగలుగుతుంది. అమ్మోనియాకు ప్రోటాన్ అంటే మహా ఆశ. దొరికిన చోటల్లా ప్రోటాన్‌ను లాక్కుని అమ్మోనియం అయాన్‌గా మారుతుంది. ప్రోటాన్ పోయిన చోట గొలుసు కరెంటును మోయడం మానేస్తుంది. పూర్తి ఆకుపచ్చ రూపానికీ పూర్తి నీలం రూపానికీ మధ్య వాహకతలో తేడా దాదాపు వెయ్యి కోట్ల రెట్లు. ఇంత పెద్ద తేడా ఉంది కాబట్టే కాస్త అమ్మోనియా తగిలినా మీటరులో తెలుస్తుంది.

పట్టూ విడుపూ ఉండాలని మన పెద్దలు అంటారు. ఈ పొర విషయంలో ఆ మాట అక్షరాలా నిజం. వాయువును పట్టుకోని పొరకు ఏమీ తెలియదు. పట్టుకున్నదాన్ని వదలని పొర ఒక్కసారికే పనికొస్తుంది. రెండింటి మధ్య ఎక్కడ నిలబడాలో చెప్పడమే కంప్యూటర్ నమూనా చేసే అసలు పని.

ఆవిరి తగిలి లోహంలా మారిన ప్లాస్టిక్

రాగి తీగ మీద తొడుగుగా ప్లాస్టిక్ వేస్తాం, షాక్ కొట్టకుండా. ప్లాస్టిక్ అంటే కరెంటును ఆపేదని అందరం నేర్చుకున్నాం. ఆ పాఠాన్ని మార్చింది జపాన్‌లో జరిగిన ఒక పొరపాటు. టోక్యోలో హిడెకి షిరకావా ప్రయోగశాలలో పాలీఅసిటిలీన్ తయారుచేస్తున్నప్పుడు ఉత్ప్రేరకం వేయాల్సినదానికన్నా వెయ్యి రెట్లు ఎక్కువ పడింది. నల్లని పొడి రావలసిన చోట వెండిలా మెరిసే రేకు వచ్చింది. టోక్యోకు వచ్చిన అలన్ మెక్‌డయర్మిడ్ ఆ సంగతి విని షిరకావాను అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి పిలిచారు. అక్కడ భౌతిక శాస్త్రవేత్త అలన్ హీగర్‌తో కలిసి ఆ రేకుకు అయోడిన్ ఆవిరి తగిలించారు. వాహకత కోటి రెట్లు పెరిగింది. 1977లో ఆ ఫలితం అచ్చయింది. 2000లో ముగ్గురికీ రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఒక్క సంగతి గమనించండి. ప్లాస్టిక్‌ను లోహంలా మార్చింది ఒక ఆవిరి. ఆవిరి తగిలింది, వాహకత మారింది, మీటరు చెప్పింది. వాహక పాలిమర్ పుట్టిన క్షణంలోనే వాయు సెన్సర్ కూడా పుట్టిందన్నమాట. 1983లో స్వీడన్ శాస్త్రవేత్తలు నైలాండర్, ఆర్మ్‌గార్త్, లుండ్‌స్ట్రోమ్ వడపోత కాగితానికి పాలీపైరోల్ పట్టించి దానితో అమ్మోనియాను కనిపెట్టి చూపించారు.

అప్పటికే మార్కెట్లో లోహపు ఆక్సైడ్ సెన్సర్లు ఉన్నాయి. ఇవాళ గ్యాస్ లీకును పట్టే పరికరాల్లో ఎక్కువగా ఉండేవి వాటి సంతతే. అవి సాధారణంగా 200 నుంచి 400 డిగ్రీల వేడిలో పనిచేస్తాయి, లోపల చిన్న హీటరు ఎప్పుడూ వెలుగుతూ ఉండాలి. పాలిమర్ పొరకు ఆ అవసరం లేదు, గది వేడిలోనే పనిచేస్తుంది. గుండీ బ్యాటరీతో నెలల తరబడి నడిచే సెన్సర్ కావాలంటే పాలిమర్ వైపే చూపు పోతుంది.

కానీ పొర ఎంత మందంగా వేయాలి? ఏ పాలిమర్ వాడాలి? ఏ ఆమ్లంతో ప్రోటాన్లు ఇవ్వాలి? ఒక్కో ప్రశ్నకు పది జవాబులు పెట్టుకున్నా మూడు ప్రశ్నలకు వెయ్యి సెన్సర్లు చేసి చూడాలి. అందుకే కంప్యూటర్. ఇంగ్లండ్‌లో జూలియన్ గార్డ్‌నర్, ఫిలిప్ బార్ట్‌లెట్, ప్రాట్‌తో కలిసి 1995లో వాహక పాలిమర్ సెన్సర్‌కు గణిత నమూనా ప్రచురించారు. ఎలక్ట్రానిక్ ముక్కు అనే రంగాన్ని నిలబెట్టినవాళ్లలో మొదటి ఇద్దరూ ముఖ్యులు. వాళ్ల నమూనాలో రెండే సంఘటనలు ఉంటాయి. వాయువు అణువు పొరలో కదులుతుంది. దారిలో ఖాళీ చోటు దొరికితే అంటుకుంటుంది, తర్వాత వదిలేస్తుంది. ఈ రెండింటినే లెక్క గట్టి చూద్దాం.

పది గళ్ల పొర

పొర మందాన్ని అడ్డంగా పది పలుచని గళ్లుగా కోశామనుకోండి. పైగడి గాలిని తాకుతూ ఉంటుంది, అడుగుగడి కింద గాజు ఉంటుంది. గాలిలో వాయువు గాఢత 100 అనుకుందాం. మొదట పొరలో వాయువు ఏమీ లేదు, అన్ని గళ్లూ సున్నా.

అణువులు గుంపు ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటుకు జరుగుతాయి. దీన్ని వ్యాపనం అంటాం. దీని సూత్రాన్ని అడాల్ఫ్ ఫిక్ 1855లోనే చెప్పాడు. కంప్యూటర్ భాషలో ఆ సూత్రం ఇలా ఉంటుంది: ప్రతి అడుగులో ఒక్కో గడి తన విలువలో సగం ఉంచుకుని, పైగడి విలువలో పావు, కిందిగడి విలువలో పావు కలుపుకుంటుంది.

మొదటి అడుగులో మొదటి గడికి గాలి నుంచి 100లో పావు, అంటే 25 వస్తుంది. మిగతావన్నీ సున్నాలే. రెండో అడుగులో మొదటి గడి తన 25లో సగం, గాలి నుంచి 25 కలుపుకుని 37.5 అవుతుంది. రెండో గడికి 25లో పావు, 6.25 చేరుతుంది. మూడో అడుగులో మొదటి గడి 45.3, రెండోది 12.5, మూడోది 1.56. వాయువు లోపలికి ఎలా పాకుతుందో మన కళ్లముందే కనిపిస్తోంది. అడుగుగడికి గాజు గోడ కాబట్టి అక్కడ వాయువు అవతలికి పోలేక వెనక్కి మళ్లుతుంది. ఇలా కొన్ని వందల అడుగులు వేస్తే పొరంతా 100కు చేరువవుతుంది. కాగితం మీద సాయంత్రం పట్టే ఈ పని కంప్యూటర్‌కు రెప్పపాటు.

తొందరపడితే ఏమవుతుందో కూడా చూడాలి. కాలాన్ని పెద్ద పెద్ద అంగలుగా తీసుకుని, ఒక్కో అడుగు నాలుగు రెట్లు చేశామనుకుందాం. అప్పుడు లెక్క మారుతుంది: పైగడి విలువ, కిందిగడి విలువ కలిపి, అందులోంచి తన విలువ తీసేయాలి. మొదటి అడుగులో మొదటి గడి 100. రెండో అడుగులో మొదటి గడి సున్నా, రెండో గడి 100. మూడో అడుగులో మొదటి గడి 200, రెండో గడి మైనస్ 100! గాలిలోనే 100 ఉంటే పొరలోకి 200 ఎక్కడి నుంచి వచ్చింది? సున్నాకన్నా తక్కువ వాయువు ఉండటమేమిటి? సూత్రం తప్పు కాదు, అడుగు పెద్దదైంది. కంప్యూటర్ సిగ్గుపడకుండా ఈ అంకెలనూ అచ్చు వేస్తుంది. వచ్చిన జవాబు ప్రకృతిలో సాధ్యమేనా అని అడగాల్సిన బాధ్యత మనదే. నమూనాలు రాసే ప్రతి విద్యార్థీ మొదటి వారంలో నేర్చుకోవలసిన పాఠం ఇది.

ఈ లెక్క నుంచి వచ్చే మొదటి ఫలితం పొర మందం గురించి. వాయువు అడుగుకు చేరే కాలం మందానికి వర్గంగా పెరుగుతుంది. ఒక మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఒక మైక్రాన్ పొరలో అడుగుకు చేరడానికి ఒక సెకను పడుతుందనుకుంటే, రెండు మైక్రాన్లకు నాలుగు సెకన్లు, పది మైక్రాన్లకు వంద సెకన్లు పడుతుంది. ప్రమాదం జరిగినప్పుడు సెకనుకూ నిమిషమున్నరకూ తేడా ఎంతో చెప్పనక్కర్లేదు.

పట్టు

ఇప్పుడు పొరలో అంటుకునే చోట్లు పెడదాం. ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ గత శతాబ్దం రెండో దశకంలో చెప్పిన లెక్క ఇది. చోట్లు పరిమితం, ఒక చోట ఒక్క అణువే కూర్చుంటుంది. గాలిలో వాయువు పెరిగేకొద్దీ చోట్లు నిండుతాయి, కానీ ఎల్లకాలం ఒకే జోరుతో నిండవు.

25 పీపీఎం దగ్గర సగం చోట్లు నిండే పొరను తీసుకుందాం. 50 పీపీఎం దగ్గర 67 శాతం నిండుతాయి. 100 దగ్గర 80 శాతం. 300 దగ్గర 92 శాతం. 400 దగ్గర 94 శాతం. అంటే తక్కువ మోతాదును ఈ పొర చక్కగా చెబుతుంది. ప్రాణాపాయం మొదలయ్యే 300కూ ఇంకా ఘోరమైన 400కూ మధ్య తేడా మాత్రం చెప్పలేదు. అలాకాకుండా 300 దగ్గర సగం నిండే పొర తీసుకుంటే, 25 పీపీఎం దగ్గర ఎనిమిది శాతం కూడా నిండదు. అది పెద్ద ప్రమాదాన్ని కొలుస్తుంది, చిన్న లీకును సరిగా గుర్తించలేదు. ఒకే పొరతో రెండు పనులూ కావాలనుకోవడం అత్యాశ. రెండు రకాల పొరలు పక్కపక్కన పెట్టుకోవడం తెలివి.

పట్టు పెరిగితే ఇంకో ఇబ్బంది ఉంది. బీటలు వారిన మడికి నీళ్లు పెట్టడం చూశారా? బోదె తెరవగానే నీళ్లు చివరి గట్టుకు పరుగెత్తవు. మొదటి గజం నేల గటగటా తాగుతుంది, దాని దప్పిక తీరాకే నీరు రెండో గజానికి సాగుతుంది. గట్టి పట్టున్న పొరలో వాయువూ అలాగే నడుస్తుంది. పైగళ్లలోని ఖాళీ చోట్లు నిండేదాకా కిందిగళ్లకు వాయువు చేరదు. పొరలో స్వేచ్ఛగా తిరిగే ఒక్కో అణువుకు 99 అణువులు అంటుకుని కూర్చుని ఉంటే, వ్యాపనం వంద రెట్లు నెమ్మదిస్తుంది. ఒక సెకనులో స్పందించాల్సిన మైక్రాన్ పొరకు వంద సెకన్లు పడుతుంది.

తక్కువ మోతాదును పట్టాలంటే గట్టి పట్టు కావాలి. గట్టి పట్టు ఉంటే స్పందన నెమ్మదిస్తుంది. ఈ చిక్కుకు నమూనా ఒక దారి చూపిస్తుంది: పట్టును ఉంచి, మందాన్ని తగ్గించు. పదోవంతు మందమున్న పొరలో కాలం వందోవంతు అవుతుంది. పాలీఅనిలీన్‌ను సన్నని నానో పోగులుగా అల్లి సెన్సర్లు చేయడం వెనక ఉన్న తర్కం ఇదే. పోగు ఎంత సన్ననైతే దాని లోపలికి దారి అంత దగ్గర.

విడుపు

పట్టుకున్న అణువు ఎంతసేపు అంటుకుని ఉంటుంది? దానికి జవాబు బంధపు శక్తిలో ఉంది. ఈ శక్తిని ఎలక్ట్రాన్ వోల్టుల్లో కొలుస్తారు. గది వేడిలో అణువులు ఎప్పుడూ అదురుతూనే ఉంటాయి. సెకనుకు పది లక్షల కోట్ల సార్లు అణువు విడిపించుకోవడానికి ప్రయత్నిస్తుందనుకుని లెక్క వేస్తే ఇలా వస్తుంది.

బంధం 0.5 ఎలక్ట్రాన్ వోల్ట్ అయితే, అణువు సెకనులో 40 వేలో వంతు కాలం కూర్చుని లేచిపోతుంది. 0.8 అయితే దాదాపు మూడు సెకన్లు ఉంటుంది. 1.0 అయితే గంటా ముప్పావు. 1.2 అయితే అయిదున్నర నెలలు!

ఈ నాలుగు అంకెలను ఒకసారి మళ్లీ చదవండి. బంధం 0.5 నుంచి 1.2కు, అంటే రెండున్నర రెట్లయినా పెరగలేదు. కాలం రెప్పపాటు కంటే తక్కువ నుంచి అయిదున్నర నెలలకు పోయింది. మంచి సెన్సర్‌కు ఉండవలసిన విడుపు చాలా సన్నని సందులో ఉంటుంది. 0.5 దగ్గర పట్టు లేదు, 1.2 దగ్గర విడుపు లేదు. ఆ రెండింటి మధ్యే వెతకాలి. లోహపు ఆక్సైడ్ సెన్సర్లను వేడి చేసేదీ ఇందుకే. వేడిలో గట్టి బంధాలు కూడా త్వరగా విడిపోతాయి. గది వేడిలో పనిచేయాలనుకునే పాలిమర్‌కు ఆ సాయం లేదు.

బంధపు శక్తిని ముందుగా తెలుసుకోవాలంటే క్వాంటం యాంత్రిక శాస్త్రం దాకా పోవాలి. ఒక్క అమ్మోనియా అణువులో పది ఎలక్ట్రాన్లున్నాయి. వాటి ఉనికిని వర్ణించడానికి ముప్ఫై నిరూపకాలు కావాలి. పాలిమర్ గొలుసు ముక్కను కూడా కలిపితే ఆ సంఖ్య వందల్లోకి పోతుంది. ఆ సమీకరణాన్ని యథాతథంగా సాధించడం ఏ కంప్యూటర్ వల్లా కాదు. 1964, 1965 సంవత్సరాల్లో వాల్టర్ కోన్ తన సహచరులతో కలిసి ఒక ఉపాయం కనిపెట్టాడు. ఒక్కో ఎలక్ట్రాన్ వెంట పడకుండా, ఎలక్ట్రాన్ల మబ్బు ఎక్కడ ఎంత చిక్కగా ఉందో తెలిస్తే శక్తి చెప్పవచ్చన్నాడు. దీన్ని సాంద్రతా ప్రమేయ సిద్ధాంతం అంటారు. దీనికి 1998లో ఆయనకు నోబెల్ వచ్చింది.

ఈ పద్ధతిలో కొన్ని వలయాలున్న పొట్టి గొలుసు ముక్కను తీసుకుని, దాని పక్కన ఒక వాయు అణువును పెడతారు. కలిసి ఉన్నప్పటి శక్తి, విడివిడిగా ఉన్నప్పటి శక్తి లెక్కిస్తారు. తేడాయే బంధం. 2013లో పెషావర్ రసాయన శాస్త్రవేత్తలు పాలీఅనిలీన్ దగ్గర అమ్మోనియాను, కార్బన్ డయాక్సైడ్‌ను, కార్బన్ మోనాక్సైడ్‌ను ఇలా లెక్కించి, అమ్మోనియాకే ఎక్కువ మొగ్గు ఉందని చూపించి, ప్రయోగ ఫలితాలతో పోల్చారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ సిద్ధాంతంలో 0.1 ఎలక్ట్రాన్ వోల్ట్ అటూ ఇటూ కావడం మామూలే. కానీ పై లెక్కలో 0.1 తేడా వస్తే కాలంలో దాదాపు 50 రెట్లు తేడా వస్తుంది. మూడు సెకన్లని కంప్యూటర్ చెప్పిన చోట నిజానికి రెండున్నర నిమిషాలు పట్టవచ్చు. కాబట్టి ఈ లెక్కలను ‘ఏ పాలిమర్ కన్నా ఏది మెరుగు’ అని వరస పెట్టడానికి నమ్మాలి, కచ్చితమైన సెకన్లకు నమ్మకూడదు. ఆ సెకన్లు గడియారం పట్టుకుని ప్రయోగశాలలోనే కొలవాలి.

తెగే దారులు

పొరలో సగం చోట్లకు ప్రోటాన్ పోయింది. కరెంటు ఎంత తగ్గుతుంది? సూటిగా ఆలోచిస్తే సగం తగ్గుతుంది, నిరోధం రెట్టింపవుతుంది. 80 శాతం పోతే నిరోధం అయిదు రెట్లు. తొలి నమూనాల్లో ఇలాగే తీసుకునేవారు, చాలా సందర్భాల్లో అది సరిపోతుంది కూడా.

అయితే కరెంటుకు తెగని దారి కావాలి. గోదావరికి వరద వచ్చినప్పుడు లంక గ్రామాల దారులు ఒక్కొక్కటే మునుగుతాయి. మొదట ఒకటి రెండు మునిగితే చుట్టు తిరిగి వెళ్తారు. ఇంకొన్ని మునిగితే ఇంకా పెద్ద చుట్టు. ఆ తర్వాత ఇంకొక్క దారి మునగగానే ఊరు పూర్తిగా విడిపోతుంది. ఆ ఆఖరి దారి ఒక్కటే అంత ముఖ్యమైనదని కాదు, అప్పటికే ప్రత్యామ్నాయాలు అయిపోయాయి.

ఈ సంగతిని 1957లో బ్రాడ్‌బెంట్, హామర్స్‌లీ గణితంగా మలిచారు. చాలా పెద్ద చదరంగం బల్ల మీద గళ్లను ఎలాపడితే అలా చెరిపేస్తూ పోతే, 41 శాతం చెరిపేసరికి ఈ అంచు నుంచి ఆ అంచుకు దారి లేకుండా పోతుంది. అదే గళ్లు పైనా కిందా కూడా పేర్చిన ఘనంలా ఉంటే 69 శాతం చెరిపేదాకా దారి దొరుకుతుంది. పైకీ కిందికీ తప్పించుకునే వీలుంది కదా! కాబట్టి ఒకే వరస అణువుల పొర, మందమైన పొర ఒకే వాయువుకు వేర్వేరుగా స్పందిస్తాయి. దారులు తెగే అంచున నిలబెట్టిన పొరకు సున్నితత్వం ఎక్కువ, ఎందుకంటే అక్కడ కొద్ది అణువులే పెద్ద మార్పు తెస్తాయి. అయితే తయారీలో కాస్త తేడా వచ్చినా ఆ అంచు తప్పిపోతుంది. లాభమూ ప్రమాదమూ ఒకే చోట ఉన్నాయి.

తేమ అనే పోటీదారు

ఇప్పటిదాకా మన లెక్కలో గాలి పొడిగా ఉంది. కాకినాడలోనో విశాఖలోనో ఆ సుఖం ఉండదు. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గాలిలో నీటి ఆవిరి పదిలక్షల పాళ్లలో దాదాపు 33 వేల పాళ్లు ఉంటుంది. 25 పీపీఎం అమ్మోనియాతో పోలిస్తే, ఒక్కో అమ్మోనియా అణువుకు 1,300కు పైగా నీటి అణువులు పోటీకి వస్తాయి. నీటికి పట్టు తక్కువే కావచ్చు, కానీ సంఖ్యాబలం అంతా దానిదే. నీరు కొన్ని చోట్లను ఆక్రమిస్తుంది, పొరను ఉబ్బిస్తుంది, ప్రోటాన్ల కదలికను మారుస్తుంది. పొడి నత్రజనిలో పరీక్షించి బ్రహ్మాండంగా ఉందన్న సెన్సర్ సముద్రతీరంలో తడబడటానికి కారణం ఇదే. మన వాతావరణానికి సెన్సర్ చేసేవాళ్లు నమూనాలో నీటిని మొదటి రోజే చేర్చాలి.

దీనికి దారి గుంపు సెన్సర్లు. ఒక పొర అమ్మోనియాకు ఎక్కువగా, నీటికి తక్కువగా స్పందిస్తే, ఇంకో పొర తారుమారుగా స్పందిస్తే, రెండు అంకెలనూ కలిపి చూసి ఏది ఎంతో విడదీయవచ్చు. మన ముక్కు చేసేది కూడా ఇదే. అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీ 32 సెన్సర్ల ఎలక్ట్రానిక్ ముక్కును తయారుచేసి 1998లో ఎస్‌టీఎస్-95 యాత్రలో అంతరిక్షానికి పంపింది. దాని తర్వాతి తరం పరికరం 2008లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లింది. వాటిలోని పాలిమర్లు తమంతట తాము కరెంటును మోయవు. మసి రేణువులు కలిపితే, ఆ రేణువులు ఒకదాన్నొకటి తాకే దారుల్లో కరెంటు పోతుంది. ఆవిరి సోకి పాలిమర్ ఉబ్బగానే రేణువులు దూరమై దారులు తెగుతాయి. ఏ ఆవిరికి ఏ పాలిమర్ సరిపోతుందో తేల్చడానికి ఆ ల్యాబొరేటరీలో అభిజిత్ శెవాడే, మార్గరెట్ ర్యాన్, వారి సహచరులు అణువుల స్థాయిలో కంప్యూటర్ నమూనాలు కట్టారు.

మన ముంగిట్లో

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో జనం నిద్రలో ఉండగా స్టైరీన్ ఆవిరి ఇళ్లను కమ్మేసింది. 12 మంది చనిపోయారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. స్టైరీన్‌కు ప్రోటాన్ ఆశ లేదు, అందుకే ఆకుపచ్చ పాలీఅనిలీన్ దాన్ని అమ్మోనియాలా పట్టలేదు. అలాంటి సేంద్రియ ఆవిరికి ఉబ్బే పాలిమర్, మసి రేణువుల జత నప్పుతుంది. ఏ వాయువుకు ఏ పొర అన్నది ముందే లెక్క వేసుకోవాలని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

సెన్సర్ ఒక్కటే ప్రాణాలు కాపాడదు. మోగిన సైరన్‌కు తలుపులు తీసి జనాన్ని నడిపించే మనుషులు కావాలి, సరిగా చూసుకునే ట్యాంకులు కావాలి. కానీ ఇంటి గోడకు, బడి గోడకు, కోల్డ్ స్టోరేజీ గుమ్మానికి తగిలించగలిగినంత చౌకగా సెన్సర్లు వచ్చినప్పుడే ఆ సైరన్ వేళకు మోగుతుంది. పాలిమర్ పొర అచ్చుయంత్రంలో సిరాలా వేయగలిగినది, హీటరు అక్కర్లేనిది. ఆ చౌకదనం దాని చేతిలోనే ఉంది. అడ్డంకులు తేమ, కాలం గడిచేకొద్దీ వచ్చే అరుగుదల, వాయువుల మధ్య గందరగోళం. ఈ మూడింటినీ ముందుగా అంచనా వేయగలిగిన నమూనాలు రాసే పని ఇంకా చాలా మిగిలి ఉంది. అది ఖరీదైన యంత్రాలు అడిగే పని కాదు, ఓపిక అడిగే పని.

ఈ పుస్తకం చదువుతున్న విద్యార్థులకు ఒక మాట. ఈ రాత్రే ఒక కాగితం మీద పది గళ్లు గీసుకోండి. పైన 100 రాసి, సగం, పావు, పావు సూత్రంతో అయిదు అడుగులు చేత్తో వేయండి. తర్వాత స్ప్రెడ్‌షీట్‌లోనో పైథాన్‌లోనో వెయ్యి అడుగులు వేయించండి. పట్టు కలపండి, విడుపు కలపండి, చివరికి మీ ఊరి తేమ కలపండి. వచ్చిన జవాబు సాధ్యమేనా అని ప్రతిసారీ అడగండి. మీ గళ్లలో ఎక్కడా మైనస్ అంకె రాకుండా, అడుగుగడి 100కు చేరితే, సెన్సర్ నమూనాలో మొదటి మెట్టు మీరు ఎక్కినట్టే.